గేటుకాడి పెద్దమ్మ ముయ్యి

మా అక్క పోయిందన్న కబురు నాకంటే ముందు ఊరికి తెలిసింది. పాలు పోసే అతను క్యాను కింద పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు. ఏమైందయ్యా అని అడిగితే, పెద్దమ్మ పోయిందంట కదా, మీకు చెప్పలేదా అన్నాడు. ఆసుపత్రిలో ఆమె పక్కన ఉన్నది నా కూతురే. అది ముందు బండి కోసం ఆటో స్టాండుకు ఫోన్ చేసింది. స్టాండు నుంచి టీ అంగడికి, టీ అంగడి నుంచి పాలకేంద్రానికి పాకి, నా దాకా వచ్చేసరికి ఆ కబురు పాతబడిపోయింది. ఏడుపు రావలసిన చోట నాకు ముందు ఉక్రోషం వచ్చింది. ఒకే ఇంట్లో గోడకు అటూ ఇటూ ఇన్నేళ్ళు కాపురం చేసినదాన్ని, చావు కబురైనా నాకు ముందు చెప్పకూడదా అనిపించింది. ఆ తర్వాతే గడప మీద కూర్చుని ఏడ్చాను.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. నేను ఆ ఇంటికి చిన్నకోడలిని. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. మా అక్క నన్ను చూసి ఎన్నడూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని వీధివాళ్ళు అడిగారు. మంచి మాటలే రాస్తాను. కానీ ఆమెను చూసి నేను కుళ్ళుకున్న సంగతి దాచి రాస్తే ఆ నాలుగూ అబద్ధాలవుతాయి. కుళ్ళుకోవడానికి ఆమె దగ్గర నగలు లేవు, చదువు లేదు, చివరికి పిల్లలు కూడా లేరు. అయినా కుళ్ళుకున్నాను.

ఆమెది మైదుకూరు. పదో తరగతి తప్పింది. నాది బనగానపల్లె, బి.ఏ. పాసయ్యాను. ఎండాకాలం మా పుట్టింటి నుంచి మామిడిపండ్ల గంపలు వచ్చేవి. నేనే సంచుల్లో సర్ది వీధిలో అందరికీ పంపేదాన్ని. తిన్నవాళ్ళు మరుసటి రోజు వచ్చి, పెద్దమ్మా, పండ్లు శానా బాగుండాయి అని ఆమెతో చెప్పి పోయేవారు. అవి మా చెల్లెలు పుట్టింటివి అని ఆమె చెప్పేది. సరే పెద్దమ్మా అని ఆమెకే దండం పెట్టేవారు. నేను తలుపు వెనక నిలబడి వినేదాన్ని.

మా ఇల్లు రైలు గేటు పక్కనే. ఇంటి వెనక మామగారు పెట్టిన నాపరాళ్ళ ఫ్యాక్టరీ. గేటుకు అవతల బజారు, ఆసుపత్రి, కాలేజీ. ఇవతల మా వీధులు. మా ఊళ్ళో బడికి ఆలస్యమైన పిల్లవాడు, ముహూర్తానికి ఆలస్యమైన అయ్యవారు, ఇంటికి ఆలస్యమైన మొగుడు అందరూ చెప్పేది ఒకటే మాట, గేటు పడింది. అందులో సగం అబద్ధమైనా ఎవరూ నిలదీసేవారు కాదు. సిమెంటు గూడ్సు వస్తే మాత్రం అది నిజమే. ఒక్కోసారి ఆ బండి సరిగ్గా గేటుకు అడ్డంగా నిలిచిపోయేది, కదలమంటే కదిలేది కాదు.

గేటు పడితే నేను ఆటోలో ముక్కు మూసుకుని కూర్చునేదాన్ని. మా అక్క దిగిపోయేది. ఆగిన బండ్ల మధ్య తిరుగుతూ ఎవరి కోడలికి నెలలు నిండాయో, ఎవరి బోరు ఎండిందో, ఎవరి దూది ఏకే మిషన్ చెడిపోయిందో కనుక్కునేది. గేటు లేచేటప్పటికి ఇద్దరు ముగ్గురి ఇళ్ళలో కార్యాలకు పిలుపు తెచ్చుకునేది. పిలిచిన ప్రతి ఇంటికీ పోయేది. పెండ్లి, నికా, చెవులు కుట్టడం, కొత్తిల్లు, ఏదైనా సరే. ముందుగా పోయి ఉల్లిగడ్డలు తరిగి, చివరి పంక్తిలో తిని, చదివింపు రాయించి వచ్చేది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టను చోటు లేదు అని నేను దెప్పితే, "ఉట్టి మనింట్లోనే కట్టుకుందాంలే పాపా" అనేది. నన్ను పాపా అనే పిలిచేది, నాకు మనవళ్ళు పుట్టినాక కూడా.

నా కూతురు ఆ గేటు దగ్గరే పుట్టింది. నొప్పులొచ్చి ఆసుపత్రికి బయలుదేరితే గేటు పడింది, గూడ్సు నిలిచింది. రోడ్డు మీది ఆడవాళ్ళు ఆటో చుట్టూ చీరలు అడ్డం పట్టారు. గేటు వేసే అతను పాపం అటు తిరిగి నిలబడి దేవుడికి మొక్కుకున్నాడు. బిడ్డ మా అక్క చేతుల్లో పడింది. తన కొంగులో చుట్టుకుని ఆమె దాని మొహం చూసింది, అది ఆమె మొహం చూసింది. నేను మూడో మనిషిని. ఇంత అన్యాయం ఏ తల్లికైనా జరిగిందా అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. గూడ్సు కదిలేవరకు మా అక్క దానికేసి చూస్తూ, మీరు పైన పోతే పొండి నాయనా, మాకు కిందైనా ఇంత దావ ఇయ్యండి అని రైలును బతిమాలిందట. ఆ మాట నేను విన్లేదు. అక్కడున్న ఆడవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు.

కింద దారి కావాలని అర్జీలు రాసింది మాత్రం నేను. ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను. రైల్వేకు, మున్సిపాలిటీకి, కలెక్టరాఫీసుకు తప్పుల్లేని ఇంగ్లీషులో రాశాను. జవాబులు వచ్చేవి, పని వచ్చేది కాదు. మా అక్క ఒకరోజు నాతోపాటు మున్సిపాలిటీ ఆఫీసుకు వచ్చింది. నేను అర్జీ చేతిలో పట్టుకుని చట్టం మాట్లాడుతుంటే, ఆమె అక్కడి ఇంజనీరును వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లా ఉన్నాయని అడిగింది. ఆయన కుర్చీ తెప్పించాడు, ఆమెకు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను అడిగాను, ఆమెకు పెట్టారు.

ఆ రోజే అసలు సంగతి తెలిసింది. రైల్వేవాళ్ళు పట్టాల కింద సిమెంటు పెట్టెలు తోసి దారి చేయడానికి ఒప్పుకున్నారు. అటూ ఇటూ దిగే రోడ్డు, నీళ్ళు పోయే కాలువ మాత్రం ఊరు చూసుకోవాలి. మున్సిపాలిటీ తన దగ్గరున్నదంతా ఊడ్చి పెట్టినా కొంత తక్కువ పడుతోంది. ఆ తక్కువ పడింది ప్రజల వాటాగా ఉగాది లోపల కట్టకపోతే ఈ పని వేరే ఊరి గేటుకు పోతుంది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పెద్దమనుషులందరినీ పిలిచి మీటింగు పెట్టించింది కూడా నేనే. విజ్ఞప్తి పత్రం చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇస్తామన్నవాళ్ళు ఎంత ఇస్తారో చెప్పలేదు, ఎంతో చెప్పినవాళ్ళు ఎప్పుడో చెప్పలేదు. ఉగాది దగ్గరకొచ్చేసింది. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే, మా అక్క చెనిక్కాయలు ఒలుస్తూ నెమ్మదిగా అంది.

"పాపా, నేను పెట్టిన ముయ్యి ఊర్లో ఉండాది కదా. దాన్ని పిలుస్తా."

ఈ మాట తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. కార్యానికి పోయి చదివించే డబ్బును మా వైపు ముయ్యి అంటాం. ఇవాళ నేను మీ ఇంట్లో పెట్టింది రేపు మీరు నా ఇంట్లో పెట్టాలి, దాని మీద ఇంకొంచెం వేసి. పెట్టిన ముయ్యి అడగకూడదు, అడిగితే పరువు పోతుంది. కార్యం పెట్టుకుని పిలవాలి, అంతే. నాకు ఇద్దరు పిల్లలు, వాళ్ళ పుట్టువెంట్రుకల నుంచి పెండ్లిళ్ళ దాకా మా వాకిట్లో పందిరి తీసింది లేదు. నేను పెట్టిన ముయ్యి నాకు తిరిగి వచ్చేసింది. మా అక్కకు పిల్లల్లేరు. జీవితమంతా పెట్టడమే గాని పిలవడం లేదు.

"పిలవాలంటే కార్యం ఉండల్ల కదక్కా. నీ ఇంట్లో ఏం కార్యం?" అన్నాను. ఆ మాట అనాలని అనలేదు, అనకూడదనీ అనుకోలేదు.

ఆమె చేతిలో కాయ ఒలిచి గింజ గిన్నెలో వేసింది. "గేటును సాగనంపుతాండా. ఇన్నేండ్లు మన వాకిట్లోనే పెరిగింది కదమ్మా అది."

పిలుపులకు నన్ను వెంట రమ్మంది. అప్పటికి బావ పోయి కొన్నేళ్ళయింది. పిలుపంటే బొట్టు పెట్టాలి, ఆమె పెట్టకూడదంటారు. అందుకని కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు కొంచెం సంతోషమే కలిగింది. ఆమెకు లేనిదీ, నాకు ఉన్నదీ ఒకటి ఊరి ముందు బయటపడిందని. నాలుగిళ్ళు అట్లాగే జరిగింది, బొట్టు నేను పెట్టాను, మాట ఆమె చెప్పింది. ఐదో ఇల్లు ఒక గాజుల అంగడి ముసలమ్మది. నేను భరిణె తీసి ముందుకు జరిగితే ఆ ముసలమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "నీ చేత్తో పెట్టు పెద్దమ్మా. నా మనవరాలి పెండ్లికి దేవుని గూట్లోకి దీపం నూనె తెచ్చింది నువ్వు. నాకు ఏ శాస్త్రం చెప్పొద్దు" అంది. మా అక్క వద్దంది. ముసలమ్మ ఆమె వేలు పట్టుకుని, నా చేతిలోని భరిణెలో ముంచి, తన నుదుటికి తాకించుకుంది. ఆ తర్వాత వీధి వీధంతా అదే వరస. దూదేకుల వాళ్ళ ఇళ్ళలో బొట్టు ఉండదు కాబట్టి అక్కడ తమలపాకులు ఇచ్చాం. అవి కూడా ఆమె చేతి నుంచే తీసుకున్నారు. నేను రోజంతా భరిణె పట్టుకుని దీపస్తంభంలాగా నిలబడ్డాను. ఇంటికొచ్చాక కాళ్ళ నొప్పులని పడుకున్నాను. నొప్పి కాళ్ళలో లేదు.

కార్యం రోజు గేటు పక్కన షామియానా వేశారు. వంటలు చిత్రాన్నం, బూందీ, పెరుగన్నం. చదివింపులు చదవడానికి మైకు మామను పిలిచింది. ఆయన ముసల్మాను పెద్దాయన, మా ఊళ్ళో ఏ కులం పెండ్లికైనా చదివింపులు ఆయన గొంతులోనే వినాలి. తొమ్మిదైంది, పదైంది, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎవరూ రాలేదు. మా ఆయన గిన్నెల మూతలు తీసి చూసి మళ్ళీ పెడుతున్నాడు. నాకు ఒక పక్క భయం, ఇంకో పక్క చెప్పుకోలేని చల్లదనం. ఊరు ఈమెది కాదన్నమాట అనుకున్నాను. ఆ వెంటనే కింద దారి సంగతి గుర్తొచ్చింది. నా కూతురు అప్పటికి నిండు నెలల మీద ఉంది, ఈ కాన్పు సరే, ఆ తర్వాతి కాన్పులు కూడా గేటు దగ్గరేనా అనుకున్నాను.

తీరా షామియానా తెర ఎత్తి చూస్తే గేటు పడి ఉంది. గూడ్సు అడ్డంగా నిలిచి ఉంది. పెట్టెల సందుల్లోంచి అవతల చూస్తే చీరలు, టోపీలు, పిల్లల్ని ఎత్తుకున్న వాళ్ళు, రోడ్డు నిండా జనం. ఇవతలి వీధులవాళ్ళు కూడా చదివింపుల కవర్ల కోసం పొద్దున్నే బజారుకు పోయి అక్కడే చిక్కుకున్నారు. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గేటు తన సాగనంపు కార్యానికి తనే అలిగిందని చెప్పింది. బండి కదిలింది, గేటు లేచింది. ఆ తర్వాత కుర్చీలు చాలలేదు.

మైకు మామ గొంతు ఆ రోజు విన్నవాళ్ళకు ఇంకా గుర్తుంటుంది. ప్రతివాళ్ళూ ముయ్యి పెడుతూ, ఇది మా చిన్నోడి చెవులు కుట్టినప్పటిది, ఇది మా కొత్తింటిది అని తామే చెప్పుకున్నారు. మా అక్క చాలావాటిని మరిచిపోయింది. వాళ్ళు మరవలేదు. ఆ ఇంజనీరు కూడా వచ్చి వాళ్ళమ్మ పేరు మీద చదివించాడు. గేటు వేసే అతను, ఈ పని అయితే తనను ఇక్కడి నుంచి వేరే చోటికి మారుస్తారని తెలిసీ వచ్చి చదివించాడు. నేను, మా ఆయన మా వంతు పెట్టాం. మా వంతు చిన్నదేం కాదు. అది పెద్దగా ఎవరికీ వినపడలేదు.

అప్పుడు నా కూతురు బరువుగా నడుచుకుంటూ ముందుకు వచ్చింది. అత్తగారింటి నుంచి పొద్దున్నే వచ్చింది, నాకు చెప్పలేదు. చేతిలో కవరు మైకు మామకిచ్చింది. ఆయన అలవాటు ప్రకారం, మైకు నోటి దగ్గర అట్లాగే పెట్టుకుని, "ఏం వరసని చెప్పాలమ్మా?" అని అడిగాడు.

"కూతురు" అంది నా కూతురు.

ఆ ఒక్క మాట షామియానా దాటి, పట్టాలు దాటి, అవతల టీ అంగడి దాకా వినిపించింది. మైకు మామ దాన్ని మళ్ళీ చదివాడు కూడా. నొప్పులు పడింది నేను, పాలిచ్చింది నేను, రాత్రి పగలు మోసింది నేను. ఊరందరి ముందు, మైకులో, ఆమెకు కూతురు. నేను లేచి వంటల దగ్గరికి పోయి, అవసరం లేకపోయినా చిత్రాన్నం కలిపాను.

మా అక్క నా వెనకాలే వచ్చింది. కార్యం చేసుకున్న మనిషి కార్యం వదిలిపెట్టి వచ్చింది. నా పక్కన నిలబడి గిన్నె కదలకుండా పట్టుకుంది. తర్వాత అంది. "ఊరోళ్ళు పెట్టింది నా ముయ్యే పాపా, నేను తీసుకుంటా. పిల్ల మైకులో అన్న మాట మాత్రం నువ్వు పెట్టిన ముయ్యి. ఆ మాట అనే బిడ్డను కని నా కొంగులో ఏసినావు. దీన్ని తిరిగి పెట్టను నాకాడ ఏమీ ల్యాదు."

"పెట్టొద్దులే. పొద్దుట్నుంచి ఏం తిన్యావు, కూర్చో" అన్నాను. గరిటెతో ఆమెకు చిత్రాన్నం పెట్టాను. ఆమె నిలబడే తినింది. నా కుళ్ళు అప్పటితో పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. కాకపోతే, ఆ రోజు నుంచి అది నా ఒక్కదానిదే కాదని తెలిసింది. ఆమె కూడా నన్ను చూసి ఇన్నేళ్ళూ అట్లాగే మింగుకుని ఉంటుంది. నా వాకిట్లో పందిరి పడిన ప్రతిసారీ ముందుగా వచ్చి ఉల్లిగడ్డలు తరిగింది ఆమే కదా.

ప్రజల వాటా కట్టారు. పట్టాల కింద పెట్టెలు తోశారు. నాయకులు వచ్చి రిబ్బన్ కత్తిరించారు, రాతి పలక మీద వాళ్ళ పేర్లు చెక్కించుకున్నారు. ఆ పలకకు నల్లరాయి ఇచ్చింది మా ఫ్యాక్టరీ. మా అక్క జనంలో వెనక నిలబడి మడమలెత్తి చూసింది. ఊరు ఆ పలకను చదవలేదు, పెద్దమ్మ బ్రిడ్జి అని పిలిచింది. మొదటి వానకే అందులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. అప్పుడు ఆటోవాళ్ళు మా ఇంటి ముందుకొచ్చి, పెద్దమ్మా, నీ బ్రిడ్జిలో నీళ్ళు నిలిచినాయి అని అరిచారు, ఆమె ఇంటి మిద్దె కురిసినట్టు. నేను లోపల కూర్చుని హాయిగా విన్నాను. పేరు వచ్చినవాళ్ళకే తిట్లు కూడా రావాలి కదా. ఆమె ఏమీ అనుకోలేదు. చీర ఎగ్గట్టి పోయి చూసి, మున్సిపాలిటీకి పోయి, నీళ్ళు తోడే మోటారు పెట్టేదాకా ఆ ఇంజనీరును వదల్లేదు. వాన మబ్బు పడితే చాలు, మోటారు నడిపే అతనికి టీ పంపేది.

పెట్టిన ముయ్యి తిరిగి వచ్చేసింది కాబట్టి ఇక కార్యాలు తగ్గిస్తుందేమో అనుకున్నాను. మా అక్క లెక్క వేరు. గేటు కార్యంలో తీసుకుంది కనుక ఇప్పుడు మళ్ళీ అందరికీ తను పెట్టాలి. చివరి నెల దాకా పెడుతూనే ఉంది.

ఛాతీలో నొప్పి అన్నది ఒక మధ్యాహ్నం. ఆటోలో నేనే పక్కన కూర్చున్నాను. గేటు లేదు. పడే కొయ్య లేదు. ఆటో కిందికి దిగి, చీకట్లోంచి వెలుతురులోకి ఎక్కి, ఎక్కడా ఆగకుండా ఆసుపత్రికి చేరింది. సమయానికే తెచ్చారన్నాడు డాక్టరు. అయినా ఆ తర్వాత కొన్ని రోజులే ఉంది. మా ఊళ్ళో ఎవరు పోయినా, గేటు పడకపోయి ఉంటే అని ఒక మాట అనుకుని ఏడ్చే వీలుండేది. మా అక్క ఆ వీలు కూడా లేకుండా చేసి పోయింది.

పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు అవతలి వీధి నుంచి ఒక పెండ్లి పత్రిక వచ్చింది. గేటు కార్యంలో చదివించిన ఇల్లే. ఆ ముయ్యి అక్క ఇంకా తిరిగి పెట్టలేదు. ఇక నేనే పెట్టాలి. ఎవరి పేరు చెప్పించాలని దారి పొడుగునా ఆలోచించాను. డబ్బు నాది, పెండ్లికి పోయేది నేను. నా పేరే చెప్పించాలని గట్టిగా అనుకుని, మైకు మామ దగ్గరకు పోయి, నా పేరు స్పష్టంగా చెప్పి కవరు చేతిలో పెట్టాను. ఆయనకు చెవులు మందగించాయి, చూపు కూడా అంతే. నా మొహంలోకి చూసి, మా ఇల్లు గుర్తుపట్టి తల ఊపాడు. గొంతు సవరించుకుని మైకు ఎత్తాడు.

"గేటుకాడి పెద్దమ్మ చదివింపులు."

దిద్దమని చెప్పడానికి చెయ్యి ఎత్తాను. పందిట్లో మాటలు ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు అందరూ వాకిలి వైపు తిరిగారు. విస్తరి ముందు కూర్చున్న ఆడవాళ్ళు కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని చూశారు. పెండ్లికూతురు తల ఎత్తింది. కవరు ఇచ్చింది నేనే, అయినా ఎత్తిన చెయ్యి దించకుండా నేనూ వాళ్ళతో పాటు వాకిలి వైపే చూస్తూ ఉండిపోయాను.